ఊకదంపుడు

మా మేనల్లుడు బాన్సువాడ మెయిన్ రోడ్డు మీద కొట్టు తెరుస్తున్నాడు. దంపుడు బియ్యం, కొర్రలు, గానుగ నూనె, రాగిజావ పొడి లాంటివన్నీ గాజుసీసాల్లో పెట్టి అమ్ముతాడట. తెరవడానికి ముందు నాకు ఫోన్ చేసి, తాతగారి ఆరోగ్య రహస్యం గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నాడు. కరపత్రం మీద వేస్తాడట. తాతగారంటే వాడికి ముత్తాత, నాకు తాతయ్య, మా నాన్నను కన్న తండ్రి. తొంభై దాటాక కూడా కర్ర పట్టకుండా కాలువ గట్టు మీద నడిచిన మనిషి. కొట్టు గోడ ఎలా ఉందో చూడమని ఫొటో కూడా పంపాడు. గోడంతా తాతయ్యే. మల్లెపువ్వులాంటి పంచె, భుజాన కండువా, నోటినిండా సొంత పళ్ళు. కింద ఎర్రటి అక్షరాలతో ఆయన ఆఖరిదాకా అందరికీ చెప్పుకున్న మాట రాయించాడు: "రోకలి పట్టిన ఆడదానికి డాక్టరుతో పని లేదు." చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట మొదట ఎవరితో అన్నాడో, విన్న మనిషి ఏమైపోయిందో వాడికి తెలియదు. వాడి తండ్రికి, అంటే నా తమ్ముడికి, తెలియాలి కానీ వాడప్పటికి పాలు మానని పిల్లవాడు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక పడనీ.

మాది కృష్ణ ఒడ్డు నుంచి నిజాంసాగర్ కాలువ కిందికి వరి పండించుకోవడానికి వచ్చిన కుటుంబం. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మా క్యాంపు బాన్సువాడకు కూతవేటు దూరం. తాతయ్య ఇక్కడికి వచ్చినా ఇక్కడి మనిషి కాలేదు. ఇక్కడి నీళ్ళు తాగేవాడు, ఇక్కడి పంట తినేవాడు, ఇక్కడి మాట మాత్రం చెవికి తగలకూడదు. ఆయనకు ఆయుష్షు పిచ్చి. కొందరికి పేకాట పిచ్చి ఉంటుంది, కొందరికి కోర్టుల పిచ్చి ఉంటుంది, ఈయనకు బతకడం పిచ్చి. తెల్లారకముందే లేచి వేపపుల్ల నమిలేవాడు. చెంబెడు నీళ్ళు తాగి గట్టు మీదికి నడకకు పోయేవాడు. వచ్చేసరికి మట్టిముంతలో రాత్రంతా గంజిలో పులిసిన తరవాణి అన్నం, అందులో వాము వాసన తగలాలి, పక్కన ఉల్లిపాయ ఉండాలి. ఎండెక్కాక నువ్వులనూనె ఒంటికి పట్టించుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆ నూనె, దాని మీద సున్నిపిండి, దాని వెనకే వేన్నీళ్ళ పొయ్యి పొగ, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి వచ్చేస్తాను. పొద్దు కుంకకముందే రాత్రి భోజనం అయిపోవాలి. నెలకోసారి ఆముదం. ఆయనొక్కడే తాగితే గొడవే లేదు, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ముక్కులు పట్టుకుని పోసేవాడు. సూదిమందు అంటే ఆయనకు పరమ రోత. సూది గుచ్చిన ఒంట్లోంచి ఆయుష్షు కారిపోతుందని ఆయన సిద్ధాంతం.

ఇవన్నీ ఒక ఎత్తు, బియ్యం ఒక ఎత్తు. మిల్లులో పట్టిన బియ్యం గడ్డి అనేవాడు. బాన్సువాడలో మిల్లు ఉండనే ఉంది. చుట్టుపక్కల జనమంతా బండ్లు కట్టుకుని వచ్చి వడ్లు పట్టించుకుపోయేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఏ రోజు బియ్యం ఆ రోజు దంచాల్సిందే. దంచినంతసేపూ ఆయన అరుగు మీద కూర్చుని చెవులు ఇటే పారేసేవాడు. రోకలి చప్పుడు మధ్యలో ఆగిందంటే, "ఏమ్మా, ఆగింది?" అని గొంతు వచ్చేది. దంచిన గింజల్ని అరచేతిలో పోసుకుని, బొటనవేలితో రుద్ది, ఆ ఎర్రడాలు చూసుకుని మురిసిపోయేవాడు. ఇంత గొప్ప బియ్యం ఇంట్లో అందరూ తినేవాళ్ళా అంటే, అబ్బే. ముందు ఆయన, తర్వాత మగవాళ్ళు, తర్వాత పిల్లలు. అమ్మా పిన్నీ కూర్చునేసరికి గిన్నె అడుగున మాడు, రాత్రి మిగిలిన చద్ది, ఆవకాయ ఊట ఉండేవి. పాలు ఆయనకు, నెయ్యి ఆయనకు, పెరుగు మీద మీగడ ఆయనకు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు చూడండి, మా ఇంట్లో కోడళ్ళ ఒంట్లో సత్తువ మామగారి ఆరోగ్యం. నాన్నమ్మను నేను చూడనే లేదు. ఆయన ఆరోగ్యాన్ని మోసి మోసి ముందే వెళ్ళిపోయింది, తెలివైనది.

మా అమ్మది పిట్లం దగ్గర. వాళ్ళదీ మాలాగే వలస వచ్చిన కుటుంబమే కానీ మాకన్నా చాలా ముందు వచ్చారు. అమ్మ ఇక్కడే పుట్టి, ఇక్కడి పిల్లలతో ఆడి పెరిగింది. అందుకని ఆమె నోట ఈ నేల మాటే వచ్చేది. 'ఏమిటి' అనడానికి 'ఏంది' అనేది, ఆసుపత్రిని దవాఖాన అనేది. తాతయ్యకు అది వినపడితే చాలు, మొహం చిట్లించుకునేవాడు. ఒంట్లో బాగాలేకపోతే ఇక్కడివాళ్ళు 'పానం మంచిగ లేదు' అంటారు. చిన్న జలుబు చేసినా, తలనొప్పి వచ్చినా, ఆఖరి రోగం వచ్చినా అదే మాట. కృష్ణ ఒడ్డు చెవికి పానం అంటే ప్రాణం. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మకు పడిశం పట్టి, పానం మంచిగ లేదందట. తాతయ్య గుండెలు బాదుకుని, ప్రాణం మీదికి వచ్చిందనుకుని బండి కట్టమన్నాడట. తీరా చూస్తే తుమ్ములు. ఇల్లంతా నవ్వు. ఆ నవ్వే అమ్మ కొంప ముంచింది. ఆ రోజు నుంచి తాతయ్యకు అదొక వేళాకోళం అయిపోయింది. ఆమె ఎప్పుడు ఆ మాటన్నా, పిట్లం వాళ్ళకు తుమ్మితే కూడా ప్రాణమే పోతుందని చుట్టాలందరి ముందూ చెప్పేవాడు. నాన్న కూడా నవ్వేవాడు. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. తండ్రి నవ్వితే నవ్వేవాడు, తండ్రి తుమ్మితే చిరంజీవ అనేవాడు.

తమ్ముడు పుట్టాక అమ్మ మళ్ళీ మనిషి కాలేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. పాదాలు పొంగి కడియాలు బిగుసుకున్నాయి. నాలుగు పోట్లు వెయ్యగానే రోకలి గుండెలకు ఆనించుకుని నిలబడి ఊపిరి పీల్చుకునేది. అరుగు మీది నుంచి, "ఏమ్మా, ఆగింది?" అని వినపడగానే మళ్ళీ ఎత్తేది. పిన్ని, అంటే మా బాబాయి భార్య, అమ్మ వంతు కూడా తనే దంచడానికి చూసేది కానీ తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. చప్పుడు బట్టి ఎవరు దంచుతున్నారో చెప్పగలిగేవాడు మరి. పెద్ద కోడలు కూర్చుంటే ఒళ్ళు చెడిపోతుందనీ, దంచితేనే రక్తం పారుతుందనీ అనేవాడు. ఒంట్లో ఉంటే కదా పారడానికి.

ఆ రోజు బాగా గుర్తు. వేసవి సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఎండ పెరటిగోడ దిగింది. అమ్మ దంచుతూ దంచుతూ రోకలిని గోడకు చేర్చి, కొంగు పట్టుకుని మెల్లగా అరుగు దగ్గరికి నడిచింది. ఆయన పిలవందే ఆమె ఎప్పుడూ మామగారి ఎదట నిలబడి ఎరగదు. తాతయ్య ఒంటినిండా నూనెతో మెరిసిపోతున్నాడు.

"నా పానం మంచిగ లేదు మామయ్యా. దవాఖానకు తోల్కపొమ్మని ఆయనకు జెరంత చెప్పండ్రి."

తాతయ్య కళ్ళు తెరవనుకూడా తెరవలేదు. "మీ ప్రాణాలు ఎప్పుడు బాగున్నాయి గనక! రోకలి పట్టిన ఆడదానికి డాక్టరుతో పని లేదమ్మా. కాస్త ఆముదం వేసుకుని పడుకో, పొద్దున్నకు అదే సర్దుకుంటుంది" అన్నాడు.

అదిగో, మా మేనల్లుడు గోడకెక్కించిన మాట. ఆముదం ఆయనే అమ్మకు కొలిచి ఇచ్చాడు. లేని సత్తువంతా ఆ మందుతో పోయింది. మర్నాడు పొద్దున నాన్న బండి కట్టి, గడ్డి పరిచి, అమ్మను పడుకోబెట్టాడు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాన్సువాడ ఆసుపత్రిలో డాక్టరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, నాన్న వైపు తిరిగి, ఇంట్లో అన్నం పెట్టడం లేదా అని అడిగాడు. మాకు వరి పొలం ఉంది. ఇంటినిండా వడ్ల బస్తాలున్నాయి. ఒంట్లో రక్తం అనేదే లేదనీ, గుండె వట్టి నీళ్ళు తోడుతున్నట్టుందనీ, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారనీ తిట్టాడు. మధ్యాహ్నం దాటకుండానే అమ్మ పోయింది. నలభై ఇంకా చూడలేదు.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్ళు అన్నం, చారు వండి తెచ్చారు. శ్మశానం నుంచి మగవాళ్ళు వచ్చి స్నానాలు చేసేసరికి పొద్దు వాలుతోంది. తాతయ్య ఆకాశం వైపు చూశాడు. చూసి, అరుగు మీద పీట వేయించుకుని కూర్చున్నాడు. పక్కింటావిడ విస్తట్లో అన్నం పెడుతుంటే గింజను వేళ్ళ మధ్య నలిపి, "ఇది దంపుడు బియ్యమేనా?" అని అడిగాడు. ఆవిడ నా మొహం చూసింది. ఔనని నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పుడు నాకు తెలియదు. ఆయన నమ్మి తిన్నాడు. పక్కింటివాళ్ళు మిల్లు బియ్యం తప్ప ఎరగరని క్యాంపులో అందరికీ తెలుసు. నేను గుమ్మంలో నిలబడి ఆయన తిన్నంతసేపూ చూశాను. ఆయన దవడలు కదులుతున్నాయి, సూర్యుడు ఇంకా ఉన్నాడు, నియమం తప్పలేదు. ఈ మనిషికి తేడా తెలియదని ఆ పూటే నాకు అర్థమైంది.

పెద్దకర్మ కాగానే రోకలి నా చేతికి వచ్చింది. అడిగినవాళ్ళు లేరు, ఇచ్చినవాళ్ళు లేరు, ఇంటి ఆడపిల్లకు అట్లాంటివి వాటంతటవే వస్తాయి. పిన్నీ నేనూ చెరో పోటు వేసేవాళ్ళం. కొన్నాళ్ళకు పిన్ని నీళ్ళోసుకుంది. పొట్ట పెరిగేకొద్దీ ఆమె కూడా రోకలి గుండెలకు ఆనించుకుని ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది. మొహంలో అమ్మ తెలుపే. నువ్వు కూర్చో, నేనొక్కదాన్నే దంచుతానంటే, ఇద్దరి చప్పుడు లేకపోతే ఆయన ఊరుకోడే అని భయపడింది. ఇంకొక ఆడదాన్ని ఈ బియ్యానికి ఇవ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. నాన్న దగ్గరికి పోయి, వడ్లు మిల్లుకు తీసుకుపోదాం అన్నాను. అరుస్తాడనుకున్నాను. నాన్న అరుగు వైపు ఒకసారి చూసి, బస్తా తీసి సైకిలు వెనక కట్టాడు. తాతయ్య నడకకు పోయే వేళ చూసుకుని ఇద్దరం బయలుదేరాం. నాన్న తన తండ్రికి ఎదురుతిరగడమంటే జీవితం మొత్తం మీద అదొక్కటే. అదీ అమ్మ పోయాక. ఏం లాభం.

మిల్లును ఇక్కడ గిర్ని అంటారు. మా అమ్మా గిర్ని అనే అనేది. గిర్ని నడిపే నర్సన్న మా వడ్లు చూసి ఎన్ని పట్లు పట్టాలని అడిగాడు. ఒక్క పట్టు చాలు, రంగు పోకూడదు అన్నాను. "ఏంది బిడ్డా, గిట్ల ఎర్రగుంటే ఎవలు తింటరు?" అని నవ్వాడు. మా తాతయ్య అని చెప్పాను. "ఇగ తిననియ్. పండ్లు గట్టిగున్నయేమో" అని లోపలికి పోయాడు. పిన్ని, నేను రోజంతా దంచే వడ్లు ఆ మిషను మీద, నాన్న బీడీ కాల్చుకునేంతలో బియ్యమైపోయాయి. చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆ మిషనును కావలించుకోవాలనిపించింది, ఆ నర్సన్నను తిట్టాలనిపించింది, ఎవరినైనా కొట్టాలనిపించింది. ఇంత దగ్గర ఉంది. కాలువ గట్టు దాటితే ఉంది.

బియ్యం సరే, చప్పుడు మాటేమిటి? అందుకని గిర్ని నుంచి ఊక కూడా బస్తాడు తెచ్చుకున్నాం. రోట్లో ఊక పోసి దంచడం మొదలుపెట్టాను. తెలుగువాళ్ళు వట్టి మాటలను ఊకదంపుడు అంటారు గానీ, నిజంగా ఊక దంచినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను దంచాను. ఏళ్ళ తరబడి దంచాను. మొదట్లో నిలబడి దంచేదాన్ని, పోనుపోను పీట వేసుకుని కూర్చుని, ఒక చేత్తో వారపత్రిక పట్టుకుని రెండో చేత్తో రోకలి ఎత్తి వదిలేదాన్ని. పిన్ని పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని తన రోకలిని బరువు లేకుండా కిందికి జారవిడిచేది. అరుగు మీద తాతయ్య తలాడిస్తూ వినేవాడు. మధ్యాహ్నం గిర్ని బియ్యాన్ని అరచేతిలో పోసుకుని రుద్ది మురిసిపోయేవాడు. పిన్నికి నెలలు నిండి, పండంటి పిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ పిల్లను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు నేను గెలిచాననుకున్నాను.

గెలిచిన ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆయన పెరుగన్నం తింటూ, వడ్డిస్తున్న నన్ను తలెత్తి చూసి, ఎంతో ప్రేమగా అన్నాడు. "మీ అమ్మ చేతిలో ఈ పనితనం లేదే అమ్మాయ్. నీ దంపులో రుచి ఉంది. అసలీమధ్య నా ఒంట్లో బలం పెరిగింది."

గరిటె నా చేతిలోనే ఉంది. ఆ బియ్యం నా దంపుదీ కాదు, ఎవరి దంపుదీ కాదు. ఆయన నాలుకకు గిర్ని బియ్యమూ మా అమ్మ ప్రాణమూ ఒకటే, ఇంకా చెప్పాలంటే గిర్ని బియ్యమే ఒక మెట్టు పైన. మరి అమ్మ దేనికి దంచింది? దేనికి పోయింది? అప్పుడే నిజం చెప్పి ఆయన ముద్ద గొంతుకు అడ్డం పడేలా చెయ్యాలనిపించింది. పిన్ని వంటింటి గుమ్మంలోంచి, చంకలో పిల్లతో, వద్దని కళ్ళతోనే బతిమాలింది. చెబితే రోకళ్ళు మళ్ళీ మా చేతికి వస్తాయి. కాస్త మజ్జిగ వెయ్యనా తాతయ్యా అని అడిగాను.

ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏళ్ళు బతికాడు. నాన్నకన్నా ఎక్కువ బతికాడు. నా పెళ్ళి చూశాడు, నా పిల్లల ముక్కులు పట్టుకుని ఆముదం పొయ్యబోతే నేను గ్లాసు లాక్కుని పెరట్లో పారబోశాను. పోయేరోజు కూడా గట్టు మీద నడిచి వచ్చి, తరవాణి తాగి, అరుగు మీదే ఒరిగిపోయాడు. సుఖమైన చావు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా, ఆయన పోగానే ఆయన నియమాలకు పూజలు మొదలయ్యాయి. ఇప్పుడు చూస్తే లోకమంతా ఆయనే. పొద్దున్నే చేతికి గడియారాలు కట్టుకుని అడుగులు లెక్కబెట్టుకుంటూ అదే గట్టు మీద నడుస్తున్నారు. జావ గ్లాసు పట్టుకుని ఫొటో దిగుతున్నారు. పెద్దలు ఏం తిన్నారో అందరూ అడుగుతారు, ఎవరు దంచారో, ఎవరు ఆఖరున తిన్నారో ఒక్కరూ అడగరు. నేను మాత్రం తెల్లన్నమే తింటాను. షుగరు వచ్చింది, గోళీలు వేసుకుంటున్నాను, సూదులు పొడిపించుకుంటున్నాను. ఆయుష్షు కారిపోతే కారిపోనీ.

కొట్టు తెరిచే రోజు వెళ్ళాను. వెళ్ళకూడదనుకుని కూడా వెళ్ళాను. షామియానా, కుర్చీలు, మైకు. మేనల్లుడు తెల్ల లాల్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ సీసాలు చూపిస్తున్నాడు. దంపుడు బియ్యం పొట్లం నా చేతిలో పెడితే, ఎవరు దంచారురా అని అడిగాను. "ఎవరు దంచుతారు అత్తయ్యా, మిషనే. దంచినట్టే వస్తుంది" అని నవ్వాడు. సరే, అదొక్కటి బాగుపడింది అనుకున్నాను. లోపల బస్తాల మధ్య వాడి భార్య పొట్లాలు కడుతోంది. డోంగ్లి వైపు పిల్ల, నెమ్మదస్తురాలు. తెల్లవారినప్పటి నుంచీ నిలబడే ఉందట. దగ్గరికి వెళ్ళి చూస్తే మొహం సున్నం కొట్టినట్టుంది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయాయి. నన్ను చూసి బస్తా మీద కూలబడింది.

"పానం మంచిగ లేదు పెద్దమ్మా," అంది మెల్లగా. "ఆయనకు చెప్పకుండ్రి. గీ పని కానియ్యండ్రి."

మేనల్లుడు మైకు పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చాడు. "దానికది మామూలే అత్తయ్యా, మన జావ పడితే సర్దుకుంటుంది. మీరు రండి, తాతగారి ఆరోగ్య రహస్యం మీ నోటితో చెప్పాలి" అని మైకు నా చేతిలో పెట్టాడు. బయట జనం తిరిగి చూశారు. గోడ మీద నుంచి తాతయ్య పళ్ళన్నీ బయటపెట్టి చూస్తున్నాడు.

"రహస్యమేం లేదురా," అన్నాను. మైకులో నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మనిషి పానం మంచిగ లేదంటే లేచి దవాఖానకు తోలుకపోవాలె. గంతే."

మా అమ్మ మాట నా నోట రావడం అదే మొదలు. జనం చప్పట్లు కొట్టారు. ఏం అర్థమై కొట్టారో వాళ్ళకే తెలియాలి. మైకు వాడి చేతిలో పడేసి, పిల్ల చెయ్యి పట్టుకుని లేవదీశాను. "అత్తయ్యా, జ్యోతి వెలిగించాలి" అని వాడు వెనక నుంచి పిలిచాడు. మీ తాతతో వెలిగించుకో అన్నాను. రోడ్డు మీద ఆటో ఆపి, పిల్లను ముందు ఎక్కించి, పక్కన నేను కూర్చుని దవాఖానకు పోనిమ్మన్నాను. ఆమె తల నా భుజం మీద ఆనించింది. వెనక మైకు మళ్ళీ మొదలైంది, తాతగారి నియమాలు, తాతగారి పళ్ళు, తాతగారి బియ్యం. ఆటో మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది, ఊకదంపుడు.